ఆఫ్రికాలోనే జన్యు వైవిధ్యం ఎక్కువ ఎందుకు? ప్రపంచమంతా తిరిగిన మనకి కదా ఎక్కువ ఉండాలి?

వెంకట్_సిద్దిపేట
అందరికీ నమస్కారం. ఆంత్రోపాలజీ ఆప్షనల్ తీసుకుని చదువుతున్నాను. ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ప్రపంచంలో అత్యధిక జన్యు వైవిధ్యం ఆఫ్రికా జనాభాల్లోనే ఉందని ప్రతి పుస్తకమూ చెప్తోంది. కారణం మాత్రం ఒక్క లైన్లో తేల్చేస్తారు: మనిషి అక్కడ పుట్టాడు కాబట్టి. నాకు అది చాలట్లేదు. బయటికి వచ్చినవాళ్ళు టిబెట్ ఎత్తుకి ఎక్కారు, సైబీరియా చలిలో బతికారు, నియాండర్తల్‌లు అనే పాత రకం మనుషులతో పిల్లల్ని కన్నారు. ఇన్ని రకాల పరిస్థితులు చూసినవాళ్ళలో వైవిధ్యం పెరగాలి కదా, తగ్గడమేంటి? కోచింగ్‌లో సార్‌ని అడిగితే "ఆ పాయింట్ రాసెయ్, మార్కులు పడతాయి" అన్నారు. తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

బెజవాడ_బాబ్జీ
సార్ చెప్పింది నిజమే తమ్ముడూ, మార్కులు పడతాయి. కానీ ప్రశ్న బాగుంది. నేనూ ఇక్కడే కూర్చుంటున్నా.

జానకి_జీనోమ్
వెంకట్ గారూ, మీరు రెండు సంగతుల్ని కలిపేశారు. చలికి, ఎత్తుకి అలవాటు పడటానికి మారే జన్యువులు చాలా కొద్ది. టిబెట్ వాళ్ళలో ఈపాస్1 అనే జన్యువు బాగా పేరుపడింది, అలాంటివి వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మన జీనోమ్‌లో, అంటే మొత్తం డీఎన్‌ఏలో, ఉన్నవి దాదాపు 300 కోట్ల అక్షరాలు. ఇద్దరు మనుషుల మధ్య కనిపించే తేడాల్లో ఎక్కువ భాగం మంచీ చెయ్యవు, చెడూ చెయ్యవు. ఊరికే తరం నుంచి తరానికి వస్తుంటాయి. అవి ఎన్ని పోగుపడతాయనేది ముఖ్యంగా ఆ జనం ఎంత కాలంగా ఉన్నారు, ఎంత మంది ఉన్నారు అన్న రెండింటి మీదే ఆధారపడుతుంది. వాళ్ళు ఎన్ని ఊళ్ళు తిరిగారన్నది లెక్కలోకి రాదు.

సుమారు 50 నుంచి 70 వేల ఏళ్ళ కిందట ఆఫ్రికా దాటి వచ్చి మిగతా ప్రపంచాన్ని నింపినవాళ్ళు చిన్న గుంపు. గాదెలోంచి రెండు గుప్పిళ్ళ విత్తనాలు తీసుకెళ్ళి పక్క ఊళ్ళో చల్లితే, తర్వాత అక్కడ ఎన్ని ఎకరాలు పండినా ఆ గుప్పిట్లో పడిన రకాలే పండుతాయి. పైగా ఇది ఒక్కసారితో ఆగలేదు. అరేబియా దాటి కొందరు, అక్కడి నుంచి ఇంకా కొందరు, అలా ప్రతి మజిలీలోనూ ఒక చిన్న గుంపే ముందుకు పోయింది. 2005లో సోహిణి రామచంద్రన్ బృందం దీన్ని లెక్క కట్టి చూపించింది. అడిస్ అబాబా నుంచి నేల దారిన ఎంత దూరం పోతే అక్కడి జనాభాలో వైవిధ్యం దాదాపు అంతే క్రమంగా తగ్గుతూ వస్తుంది. అందరికంటే తక్కువ దక్షిణ అమెరికా మూలవాసుల్లో.

నియాండర్తల్ వాటా ఆఫ్రికా బయటివాళ్ళలో సుమారు 2 శాతం. అది కొంత కొత్త సరుకు తెచ్చిన మాట నిజమే, పోయినదానితో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

ఒక అంకె చెప్తాను, పరీక్షకి పనికొస్తుంది. 2015లో వెలువడ్డ వెయ్యి జీనోమ్‌ల ప్రాజెక్టు 26 జనాభాల నుంచి 2,504 మందిని చూసింది. ఏ మనిషిని తీసుకున్నా, ప్రామాణిక జీనోమ్‌తో పోలిస్తే 41 నుంచి 50 లక్షల చోట్ల తేడా ఉంటుంది. ఆ పై అంచున ఉన్నవాళ్ళు ఆఫ్రికా మూలాలవాళ్ళే.

సందేహాల_సుబ్బారావు
జానకి గారూ, వాట్సాప్‌లో తెగ తిరుగుతున్న మాట ఒకటుంది. ఆఫ్రికాలో పక్కపక్క ఊళ్ళ ఇద్దరి మధ్య ఉన్న తేడా, ఒక తెలుగువాడికీ నార్వేవాడికీ మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువట. ఇది నిజమా, లేక ఎవరో ఉత్సాహంగా సాగదీశారా?

జానకి_జీనోమ్
సగం నిజం. పక్కపక్క ఊళ్ళు అనడం మాత్రం సాగతీతే. నైజీరియాలో యొరుబా జనం ఉండే ఊళ్ళో ఇద్దరిని తీసుకుంటే వాళ్ళ మధ్య తేడాలు ఇద్దరు నార్వేవాళ్ళ మధ్య తేడాలకంటే ఎక్కువ ఉంటాయి, ఇందులో అనుమానం లేదు. ఆఫ్రికా దక్షిణాన కలహారి ఎడారి వేటగాళ్ళైన సాన్ జనంలో ఒక మనిషినీ, నైజీరియా యొరుబా మనిషినీ పక్కన పెడితే వాళ్ళిద్దరూ విడిపోయిన కాలం, యొరుబా మనిషికీ మనకీ మధ్య విడిపోయిన కాలం కంటే చాలా పాతది. అంటే వంశవృక్షంలో తెలుగువాళ్ళు, నార్వేవాళ్ళు, చైనావాళ్ళు, ఆస్ట్రేలియా మూలవాసులు అందరూ ఆఫ్రికా చెట్టులో ఒక కొమ్మ. ఆ కొమ్మకి దగ్గర కొమ్మలు తూర్పు ఆఫ్రికాలో ఉన్నాయి. "ఆఫ్రికన్లు ఒక పక్క, మిగతావాళ్ళు ఒక పక్క" అని గీసిన బొమ్మ ఎక్కడ కనిపించినా అనుమానించండి.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మనుషులందరినీ కలిపినా మన వైవిధ్యం తక్కువే. 2012లో వచ్చిన ఒక అధ్యయనంలో, కామెరూన్‌లో ఒక నదికి అటూ ఇటూ ఉన్న చింపాంజీ గుంపుల మధ్య తేడా, వేర్వేరు ఖండాల మనుషుల మధ్య ఉన్న తేడా కంటే ఎక్కువని తేలింది.

డర్బన్_రమణ
నేను డర్బన్‌లో ఉంటాను. మా ముత్తాతలు చెరకు తోటల కూలికి విశాఖ వైపు నుంచి నేటాల్‌కి వచ్చినవాళ్ళు. మా ఊరికి కాస్త ఉత్తరాన బాలిటో అని బీచ్ ఊరు ఉంది. సెలవులకి అందరం పోయే చోటే. అక్కడి ఒక కుర్రాడి గురించి చెప్పకపోతే ఈ చర్చ పూర్తి కాదు.

1960ల్లో బాలిటో తీరంలో బయటపడిన ఒక పిల్లవాడి ఎముకలు మ్యూజియంలో ఉండేవి. వాడు సుమారు 2,000 ఏళ్ళ కిందట బతికాడు. స్వీడన్, దక్షిణాఫ్రికా శాస్త్రవేత్తలు వాడి డీఎన్‌ఏ తీసి 2017లో వివరాలు ప్రచురించారు. 2,000 ఏళ్ళంటే మనిషి చరిత్రలో నిన్నటి మాటే, అయినా ఆ తేదీకే విలువంతా. పడమటి ఆఫ్రికా వైపు నుంచి పాకిన బంటూ భాషల రైతులు ఈ తీరానికి రాకముందు, తూర్పు ఆఫ్రికా నుంచి పశువుల కాపరులు వచ్చి కలవకముందు బతికిన వేటగాళ్ళ పిల్లవాడు వాడు. ఇప్పుడున్న సాన్, వాళ్ళ పొరుగు పశువుల కాపరులైన ఖోయి జనాల్లో అందరిలోనూ 9 నుంచి 30 శాతం దాకా బయటి కలయిక ఉందని అదే పరిశోధన చెప్పింది. ఆ కలయిక లేని జీనోమ్ దొరకడంతో, వీళ్ళ పూర్వీకులు మిగతా మనుషుల పూర్వీకుల నుంచి ఎప్పుడు విడిపోయారో మళ్ళీ లెక్క వేశారు. 2,60,000 నుంచి 3,50,000 ఏళ్ళ కిందట అని వచ్చింది. అప్పటిదాకా అనుకున్నదాని కంటే బాగా వెనక్కి పోయింది.

ఇంకా బాగున్న సంగతి: అదే పరిశోధనలో కొన్ని వందల ఏళ్ళ కిందటి ఇనుప యుగపు రైతుల ఎముకలు కూడా ఉన్నాయి. మలేరియా నుంచి, ఒక రకం ఈగ కాటుతో వచ్చే నిద్ర జబ్బు నుంచి కాపాడే జన్యు రూపాలు వాళ్ళలో కొందరికి ఉన్నాయి. బాలిటో పిల్లవాడికి లేవు. పడమటి ఆఫ్రికా దోమల ప్రాంతం నుంచి బయలుదేరిన జనం ఆ రక్షణని వెంట తెచ్చుకున్నారన్నమాట.

బెజవాడ_బాబ్జీ
అంటే సాన్ వాళ్ళే అందరికంటే పురాతన జాతి. ఆదిమానవులు ఇంకా బతికే ఉన్నారన్నట్టు.

డర్బన్_రమణ
బాబ్జీ అన్నా, ఆ మాట ఇక్కడ సాన్ పెద్దల ముందు అనకండి, బాగా నొచ్చుకుంటారు. రెండు కొమ్మలు విడిపోయాక రెండింటి వయసూ ఒకటే కదా. వాళ్ళ పూర్వీకులకి ఎన్ని వేల తరాలు గడిచాయో మన పూర్వీకులకీ అన్నే గడిచాయి. వాళ్ళు మారకుండా ఆగిపోయి ఉంటే బాలిటో పిల్లవాడికీ ఇప్పటి వాళ్ళకీ తేడా ఉండకూడదు.

పత్రికలు కూడా ఇందులో తక్కువ తినలేదు. 2019లో ఒక బృందం, ఇప్పటి మనుషుల మైటోకాండ్రియా డీఎన్‌ఏ పట్టుకుని, మానవజాతి పుట్టిల్లు ఉత్తర బోట్స్‌వానాలోని మక్‌గడిక్‌గడి సరస్సు ప్రాంతమని, తేదీ 2 లక్షల ఏళ్ళని ప్రకటించింది. హెడ్‌లైన్లు అదిరిపోయాయి. తల్లి వైపు వచ్చే ఒక్క గీతని, అదీ ఇవాళ బతికున్నవాళ్ళది చూసి అంత కచ్చితంగా ఊరూ పేరూ ఎలా చెప్తారని మిగతా శాస్త్రవేత్తలు గట్టిగానే అడిగారు.

కర్నూలు_రాజశేఖర్
నాదో భిన్నాభిప్రాయం. ఈ 'ఆఫ్రికా నుంచి వచ్చాం' అన్నది పాశ్చాత్యులు మన నెత్తిన రుద్దిన సిద్ధాంతం. మా జిల్లా జ్వాలాపురంలో (ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వెళ్ళింది లెండి) 74 వేల ఏళ్ళ నాటి బూడిద కింద రాతి పనిముట్లు దొరికాయి. బయటికి రావడమే 60 వేల ఏళ్ళ కిందట అయితే, అంతకు ముందు జుర్రేరు లోయలో పనిముట్లు చేసిందెవరు?

రాతిగొడ్డలి
రాజశేఖర్ గారూ, నేను పురావస్తు శాస్త్రం చదివినవాణ్ణి, జ్వాలాపురం నాకు ఇష్టమైన టాపిక్. అది సుమత్రాలో టోబా అగ్నిపర్వతం పేలినప్పటి బూడిద. మైఖేల్ పెట్రాగ్లియా, రవి కొరిసెట్టార్ వాళ్ళ బృందం 2007లో ప్రచురించింది. బూడిద పొర కిందా పనిముట్లు ఉన్నాయి, పైనా ఉన్నాయి, రెండింటి పోలికా దగ్గరగానే ఉంది. వాటిని చేసింది మనలాంటి మనుషులేనని వాళ్ళ వాదన. కాదు, పాత రకం మనుషులని ఇంకొందరి వాదన. ఆ పొరల్లో మనిషి ఎముక ఒక్కటి దొరికితే గొడవ తీరేది, దొరకలేదు. పనిముట్లు పాతవి కావడం వల్ల వాటిని చేసినవాళ్ళు మన సొంత పూర్వీకులైపోరు. తమిళనాడు అత్తిరంపాక్కంలో 15 లక్షల ఏళ్ళ నాటి గొడ్డళ్ళు ఉన్నాయి, అప్పటికి మన జాతే పుట్టలేదు. 60 వేలకి ముందు కూడా కొందరు ఆఫ్రికా దాటారు, ఇజ్రాయెల్ గుహల్లో వాళ్ళ ఎముకలు ఉన్నాయి. ఇప్పటి మనలో వాళ్ళ వాటా దాదాపు కనిపించట్లేదు, అంతే.

ఇక పాశ్చాత్యుల కుట్ర సంగతి. చరిత్ర సరిగ్గా తిరగేసి ఉంది. మనిషి మూలం ఆఫ్రికా అయి ఉండొచ్చని డార్విన్ 1871లోనే రాశాడు. 1924లో దక్షిణాఫ్రికా టాంగ్‌లో దొరికిన పసివాడి పుర్రెని రేమండ్ డార్ట్ చూపిస్తే, లండన్ పెద్దలు చాలా ఏళ్ళు పక్కన పెట్టేశారు. అప్పట్లో వాళ్ళకి ముద్దొచ్చింది ఇంగ్లండ్‌లోనే దొరికిందన్న పిల్ట్‌డౌన్ మనిషి. అది మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ అతికించిన మోసమని 1953లో బయటపడింది. మనిషి యూరప్‌లో పుట్టాడనిపించుకోవాలని వాళ్ళు పడ్డ తాపత్రయం అది. ఆఫ్రికా మూలాన్ని వాళ్ళు రుద్దలేదు, ఆధారాలు పేరుకుపోయాక మరో దారి లేక ఒప్పుకున్నారు.

కర్నూలు_రాజశేఖర్
చరిత్ర సరే. ఎముకలు లేవంటున్నారు, మరి డీఎన్‌ఏలో ఏముంది? మన డీఎన్‌ఏ ఆఫ్రికా నుంచి వచ్చిందని, ఇక్కడి నుంచి అక్కడికి పోలేదని ఎలా చెప్తారు?

జానకి_జీనోమ్
సరైన ప్రశ్న. తల్లి వైపు నుంచి వచ్చే మైటోకాండ్రియా డీఎన్‌ఏ చూద్దాం. దీని మీద మొదటి పెద్ద దెబ్బ 1987లో రెబెకా కాన్, మార్క్ స్టోన్‌కింగ్, అలన్ విల్సన్ వేశారు. 147 మంది నుంచి, ఎక్కువగా ప్రసవం తర్వాత వచ్చే మావి నుంచి తీసిన డీఎన్‌ఏతో. ఆ చెట్టులో పెద్ద కొమ్మలు ఎల్0 నుంచి ఎల్6 దాకా ఉంటాయి. అన్నీ ఆఫ్రికావే. ఆఫ్రికా బయట దాదాపు ప్రతి మనిషీ వాటిలో ఒక్క ఎల్3 నుంచి చీలిన ఎం, ఎన్ అనే రెండు రెమ్మల్లోకే వస్తాడు. మన దేశంలో సగానికి పైగా జనం ఎం. ఇక్కడి నుంచి అక్కడికి పోయి ఉంటే మన దగ్గర కూడా ఎల్0, ఎల్1 లాంటి పాత కొమ్మలు మూలవాసుల్లో కనిపించాలి. కనిపించవు. అండమాన్ ఒంగే, గ్రేట్ అండమానీయుల్ని హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళే చూసి 2005లో రాశారు, వాళ్ళూ ఎం రెమ్మలే.

వెనక్కి తిరిగి ఆఫ్రికాకి పోయినవాళ్ళు కూడా ఉన్నారు, అది వేరే కథ. 2015లో ఇథియోపియా మోటా గుహలో దొరికిన 4,500 ఏళ్ళ నాటి మనిషి జీనోమ్‌తో, ఆ తిరుగు వలస ఆఫ్రికా ఖండమంతటా పాకిందని ఒక బృందం ప్రకటించింది. డేటా కలిపేటప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఒక మెట్టు తప్పిందని మరుసటి ఏడాదే వాళ్ళే సవరణ వేశారు. తూర్పు ఆఫ్రికాలో తిరుగు వలస నిలిచింది, ఖండమంతా అన్నది పోయింది. వెంకట్ గారూ, పాత నోట్స్‌లో ఇది ఇంకా అలాగే ఉంటే కొట్టేయండి.

వెంకట్_సిద్దిపేట
ఇప్పుడే చూశాను మేడమ్, ఉంది! కొట్టేశాను. ఇంకో సందేహం. మా సిలబస్‌లో మనిషి పుట్టిన చోటు తూర్పు ఆఫ్రికా అని ఉంటుంది. రమణ గారేమో దక్షిణం అంటున్నారు, బోట్స్‌వానా తప్పంటున్నారు. అసలు ఎక్కడ?

రాతిగొడ్డలి
ఒక్క చోటు అని వెతకడమే ఇప్పుడు పాతబడింది. మొరాకోలో జెబెల్ ఇర్హూద్ అని ఒక గని ఉంది, 1961లో గని కూలీలకి పుర్రె దొరికింది. దాన్ని చాలాకాలం 40 వేల ఏళ్ళ నాటిదనుకున్నారు. 2017లో కొత్తగా తవ్వి తేదీ కడితే సుమారు 3 లక్షల ఏళ్ళు వచ్చింది. మొహం మనలాగే ఉంటుంది, తల వెనక భాగం మాత్రం పొడుగ్గా, చదునుగా. ఇథియోపియాలో 1967లో దొరికిన ఓమో ఎముకలకి ఇప్పుడు కనీసం 2,33,000 ఏళ్ళు అంటున్నారు. దక్షిణాఫ్రికా ఫ్లోరిస్‌బాడ్ పుర్రె దాదాపు 2,60,000. మూడూ ఖండానికి మూడు మూలల్లో ఉన్నాయి.

నాకు వీటన్నిటికంటే నైజీరియా ఇవో ఎలెరు పుర్రె ఎక్కువ ఆశ్చర్యం. సుమారు 13 వేల ఏళ్ళ కిందటిదే, అప్పటికి అందరూ మనలాగే ఉండాలి. దాని ఆకారం మాత్రం లక్ష ఏళ్ళ నాటి పుర్రెల్ని గుర్తు చేస్తుంది. పడమటి ఆఫ్రికాలో తడి నేల వల్ల ఎముకలు నిలవవు, అందుకే అక్కడి కథ మనకి తెలిసింది చాలా తక్కువ.

2018లో ఎలీనార్ షెర్రీ, ఇంకా చాలామంది కలిసి ఒక వాదన పెట్టారు: ఖండమంతా విడివిడి గుంపులుగా బతికారు, సహారా పచ్చబడినప్పుడు కలిశారు, ఎండినప్పుడు విడిపోయారు, ఆ కలయికల్లోంచే మనం వచ్చాం. పరీక్షలో ఇది రాస్తే బాగుంటుంది.

జానకి_జీనోమ్
దీనికి డీఎన్‌ఏ వైపు నుంచి 2023లో ఒక గట్టి పేపర్ వచ్చింది. ఆఫ్రికా దక్షిణాన ఖోయి జనాల్లోని నామా ప్రజల 44 కొత్త జీనోమ్‌లు కలిపి చూశారు. లక్షల ఏళ్ళ పాటు, పెద్దగా తేడా లేని రెండు మూడు గుంపులు రాకపోకలతో కొనసాగాయని, ఇప్పటి జనాల్లో తొలి చీలిక 1,20,000 నుంచి 1,35,000 ఏళ్ళ కిందటిదని వాళ్ళ నమూనా. రమణ గారు చెప్పిన 2,60,000–3,50,000కీ దీనికీ పొంతన లేదు కదా అంటారా? లేదు. 'విడిపోవడం' అంటే ఒకసారి తలుపు మూసినట్టు జరిగిందని అనుకుంటే ఒక తేదీ వస్తుంది, రాకపోకలు ఆగలేదనుకుంటే వేరే తేదీ వస్తుంది. ఈ గొడవ ఇంకా తేలలేదు. నా మొగ్గు మాత్రం రాకపోకల వైపే.

తండ్రి వైపు వై క్రోమోజోమ్ కథ మరీ సినిమాలా ఉంటుంది. అమెరికా సౌత్ కరోలినాలో ఒక నల్లజాతి కుటుంబం వంశం వివరాల కోసం ఒక పెద్దాయన డీఎన్‌ఏ పరీక్షకి ఇచ్చింది. ఆయన వై క్రోమోజోమ్ అప్పటిదాకా తెలిసిన చెట్టులో ఎక్కడా ఇమడలేదు. దానికి ఏ00 అని పేరు పెట్టారు. వెతికితే కామెరూన్‌లో మ్బో ప్రజల్లో కొందరికి ఉంది. 2013లో దాని చీలికకి 3,38,000 ఏళ్ళు అన్నారు, తర్వాత లెక్కల్లో అది రెండున్నర లక్షల దగ్గరికి దిగింది. ఎంతైనా ఇప్పటికి తెలిసిన చెట్టులో అందరికంటే ముందు విడిపోయిన కొమ్మ అదే. 2020లో కామెరూన్ షుమ్ లాకా రాతి గుహలో పాతిపెట్టిన నలుగురు పిల్లల డీఎన్‌ఏ తీస్తే, 8,000 ఏళ్ళ నాటి ఒక అబ్బాయిలో మళ్ళీ ఏ00 కనిపించింది. షుమ్ లాకా బంటూ భాషల పుట్టిల్లు అనుకునే ప్రాంతంలోనే ఉంది. తీరా ఆ పిల్లలకి దగ్గర బంధువులు బంటూ రైతులు కారు, మధ్య ఆఫ్రికా అడవుల వేటగాళ్ళు.

అజీజ్_ఏసీగార్డ్స్
ఆదాబ్. హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లో పుట్టి పెరిగాను. నిజాం ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్‌లో పనిచేసిన సిద్దీల కుటుంబం మాది. మర్ఫా వినని హైదరాబాదీ ఉండడు, దాన్ని ఊళ్ళో నిలబెట్టినవాళ్ళలో మావాళ్ళూ ఉన్నారు. మా మీద కూడా సీసీఎంబీ వాళ్ళు పరిశోధన చేశారని విన్నాను, ఏం తేలింది?

జానకి_జీనోమ్
అజీజ్ భాయ్, 2011లో వచ్చింది. అందులోని నమూనాలు కర్ణాటక, గుజరాత్ సిద్దీలవి, హైదరాబాద్ కుటుంబాలవి కావు. వాళ్ళలో ఆఫ్రికా వాటా 60 నుంచి 75 శాతం, ముఖ్యంగా బంటూ మాట్లాడే జనాలది. మిగతాది భారతీయం, కొంత యూరప్‌ది. స్థానికులతో కలయిక సుమారు 200 ఏళ్ళ కిందట మొదలైందని అంచనా. హైదరాబాద్ సిద్దీల్లో పూర్వీకులు ఒక్క చోటు నుంచే రాలేదని చరిత్ర చెప్తుంది కాబట్టి, మీ ఫలితం కర్ణాటకవాళ్ళలాగే ఉంటుందని అనుకోనక్కర్లేదు.

అజీజ్_ఏసీగార్డ్స్
అదే మా నానా కూడా అనేవారు, అందరిదీ ఒకే దేశం కాదు బేటా అని. షుక్రియా.

డా_కల్యాణి
ఇంతసేపు చదివి ఊరుకున్నాను. నేను అట్లాంటాలో కిడ్నీ డాక్టర్‌ని. ఈ చర్చ పుస్తకాల్లోనే ఆగదు, రోజూ నా ఓపీలోకి వస్తుంది.

ఏపీఓఎల్1 అని ఒక జన్యువు. దీనిలో రెండు రూపాలు నిద్ర జబ్బు తెచ్చే పరాన్నజీవి నుంచి రక్షణ ఇస్తాయి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వస్తే మాత్రం కిడ్నీ పాడయ్యే ప్రమాదం బాగా పెరుగుతుంది. 2010లో తేలింది. పడమటి ఆఫ్రికాలో, యొరుబా, ఇగ్బో జనాల్లో ఇది చాలా ఎక్కువ. ఇథియోపియాలో దాదాపు లేదు. నా దగ్గరికి ఇద్దరు పేషెంట్లు వస్తారనుకోండి, ఒకరి మూలం లాగోస్, ఇంకొకరిది అడిస్ అబాబా. ఫారమ్‌లో ఇద్దరూ 'బ్లాక్' అనే గడిలోనే టిక్ పెడతారు. ఆ టిక్ నాకు ఏమీ చెప్పదు, తప్పుదారి కూడా పట్టిస్తుంది. అమెరికాలో కిడ్నీ పనితీరు లెక్క కట్టే ఫార్ములాలో నల్లవాళ్ళకి వేరే గుణకం పెట్టి హెచ్చించేవాళ్ళం. అంటే వాళ్ళ కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కాగితం మీద కనిపించేది, ట్రాన్స్‌ప్లాంట్ జాబితాలోకి రావడం ఆలస్యమయ్యేది. 2021లో ఆ గుణకం తీసేశారు. ఎంతమందికి ఆలస్యమైందో తలుచుకుంటే కోపం వస్తుంది.

రెండోది డఫీ. ఎర్ర రక్తకణాల మీద డఫీ అనే ప్రొటీన్ లేకపోతే వైవాక్స్ మలేరియా లోపలికి దూరడం చాలా కష్టం. పడమటి, మధ్య ఆఫ్రికాలో దాదాపు అందరికీ అది లేదు. దాంతోపాటు వాళ్ళ న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాల లెక్క మామూలుగానే తక్కువ ఉంటుంది, ఆరోగ్యానికి ఏ లోటూ ఉండదు. ల్యాబ్ రిపోర్ట్ మాత్రం ఎర్ర గుర్తు పెడుతుంది. దాంతో స్కిజోఫ్రెనియాకి ఇచ్చే క్లోజపిన్ లాంటి మందులు ఆపేస్తారు, కీమో డోసు తగ్గిస్తారు. ఆ 'నార్మల్' లెక్క యూరప్ మూలాలవాళ్ళని చూసి పెట్టుకున్నది కాబట్టి వచ్చిన చిక్కు ఇది.

మూడోది అందరికీ లాభించింది. డాలస్‌లో హెలెన్ హాబ్స్, జొనాథన్ కోహెన్ చేసిన గుండె అధ్యయనంలో, నల్లజాతివారిలో సుమారు 2 శాతం మందికి పీసీఎస్‌కే9 అనే జన్యువు ఒక కాపీ పనిచేయట్లేదని 2005లో తేలింది. వాళ్ళ చెడు కొలెస్ట్రాల్ పుట్టుకతోనే తక్కువ. ఇలాంటి వాళ్ళని మరో పెద్ద అధ్యయనంలో ఏళ్ళ తరబడి గమనిస్తే, కొలెస్ట్రాల్ 28 శాతం తక్కువ, గుండె జబ్బు 88 శాతం తక్కువ అని 2006లో ప్రచురించారు. ఆ జన్యువు చేసే పనిని మందుతో ఆపితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కడి నుంచే ఊపందుకుంది. 2015కల్లా అలిరోక్యుమాబ్, ఎవోలోక్యుమాబ్ అనే ఇంజెక్షన్లు మార్కెట్‌లోకి వచ్చాయి. హైదరాబాద్‌లో కార్డియాలజిస్ట్ ఇవాళ ఆ ఇంజెక్షన్ రాస్తే దాని మూలం డాలస్‌లో ఆ నల్లజాతి కుటుంబాల రక్తంలో ఉంది. తెల్లవాళ్ళని మాత్రమే పరీక్షించి ఉంటే అది అంత తొందరగా దొరికేది కాదు, వాళ్ళలో ఆ మార్పులు చాలా అరుదు.

సందేహాల_సుబ్బారావు
డాక్టర్ గారూ, ఇంత లాభం ఉన్నప్పుడు ఆఫ్రికాలో వేల జీనోమ్‌లు ఈపాటికి చదివేసి ఉండాలే?

జానకి_జీనోమ్
లేదండీ, అదే విడ్డూరం. జబ్బులకీ జన్యువులకీ లంకె వెతికే అధ్యయనాల్లో పాల్గొన్నవాళ్ళలో ఎనభై శాతం పైనే యూరప్ మూలాలవాళ్ళు. ఆఫ్రికా వాటా రెండు మూడు శాతం దాటదు. మన దక్షిణాసియా పరిస్థితీ గొప్పగా లేదు. 2019లో ఒక లెక్క వేశారు: యూరప్ డేటాతో తయారైన జబ్బు ముప్పు స్కోర్లు ఆఫ్రికా మూలాలవాళ్ళ విషయంలో నాలుగున్నర రెట్లు తక్కువ కచ్చితంగా ఉన్నాయి.

కొద్దిగా వెతికినా ఎంత దొరుకుతుందో చూడండి. హెచ్3ఆఫ్రికా అనే కూటమి 2020లో 50 భాషా జాతుల సమూహాల నుంచి 426 మంది జీనోమ్‌లు చదివింది. అంతకు ముందు ఎక్కడా నమోదు కాని మార్పులు 30 లక్షలకి పైగా దొరికాయి. 426 మందికే! ఆ పని నడిపించింది ఎక్కువగా ఆఫ్రికా శాస్త్రవేత్తలే కావడం నాకు ఇంకా నచ్చింది.

డర్బన్_రమణ
నమూనాలు పట్టుకుపోయి మళ్ళీ మొహం చూపించని పరిశోధకులతో ఇక్కడివాళ్ళు విసిగిపోయారు. అందుకే దక్షిణాఫ్రికా సాన్ మండలి 2017లో సొంతంగా పరిశోధన నియమావళి విడుదల చేసింది. మా దగ్గరికి వచ్చేవాళ్ళు మర్యాదగా, నిజాయతీగా ఉండాలి, రాసింది అచ్చు కాకముందు మాకు చూపించాలి, లాభం వస్తే మాకూ వాటా ఉండాలి. ఆఫ్రికాలో ఒక మూలవాసి సమాజం ఇలా తనంత తాను రాసుకోవడం అదే మొదలు. మన ఏజెన్సీల్లో కూడా రక్తం నమూనాలకి వస్తుంటారు కదా, అక్కడ ఇలాంటిది ఏమైనా ఉందా?

రాతిగొడ్డలి
ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పనిసరి, సంతకమో వేలిముద్రో తీసుకుంటారు. గోండు, కోయ గూడేల్లో సికిల్ సెల్ పరీక్షలు 2023లో మొదలైన జాతీయ మిషన్ కింద జరుగుతున్నాయి, అది వైద్యం కోసం. ఊరంతా కూర్చుని మేము ఈ షరతుల మీదే ఒప్పుకుంటాం అని రాసుకున్న నియమావళి మాత్రం నేనెక్కడా చూడలేదు.

బెజవాడ_బాబ్జీ
ఒక చిన్న డౌట్. తూర్పు ఆఫ్రికా పశువుల కాపరులు మాసాయిలు పాలు బాగా తాగుతారు కదా, యూరప్‌వాళ్ళ జన్యువు వాళ్ళకి ఎలా వచ్చింది?

జానకి_జీనోమ్
రాలేదు, వాళ్ళది వాళ్ళకే పుట్టింది. పెద్దయ్యాక కూడా పాలు అరిగించుకునే మార్పు కెన్యా, టాంజానియాల్లో వేరే అక్షరం దగ్గర జరిగింది. సారా టిష్కాఫ్ బృందం 2007లో పట్టుకుంది. మన దేశంలో పాలు అరిగేవాళ్ళలో ఎక్కువగా ఉన్నది యూరప్‌లో ఉన్న మార్పే.

వెంకట్_సిద్దిపేట
చాలా థ్యాంక్స్ అందరికీ. డాక్టర్ గారూ, టాపిక్ కాకపోయినా ఒకటి అడగొచ్చా? మా మేనమామకి జీ6పీడీ లోపం ఉందని ఎప్పుడో చెప్పారు. మూడు నెలల షుగర్ పరీక్ష ఎప్పుడూ బాగానే వస్తోంది, వేలికి గుచ్చి చూస్తే మాత్రం ఎక్కువ చూపిస్తోంది. అదీ ఆఫ్రికా జన్యువుల చర్చలో వచ్చేదేనా?

డా_కల్యాణి
టాపిక్కే వెంకట్. జీ6పీడీ లోపం కూడా మలేరియా ప్రాంతాల్లో నిలిచిపోయిన మార్పే, ఆఫ్రికాలోనూ ఉంది, వేరే రూపాల్లో మన దగ్గరా ఉంది. ఈ ఎంజైమ్ లోపం వల్ల ఎర్ర కణాలు తొందరగా చనిపోతే వాటికి చక్కెర అంటుకునే వ్యవధి తగ్గిపోతుంది, దాంతో హెచ్‌బీఏ1సీ, అంటే మీరన్న మూడు నెలల పరీక్ష, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. ఆఫ్రికన్ అమెరికన్లలో సుమారు 11 శాతం మందికి ఈ మార్పు ఉందని, ఒక్క హెచ్‌బీఏ1సీనే నమ్ముకుంటే వాళ్ళలో చాలామంది షుగర్ బయటపడకుండా ఉండిపోతారని 2017లో ఒక పెద్ద అధ్యయనం హెచ్చరించింది. మీ మామయ్యకి జీ6పీడీ సంగతి ఆయన డాక్టర్‌కి మళ్ళీ గుర్తు చేయమనండి. ఫాస్టింగ్, తిన్న తర్వాత షుగర్ రెండూ చూడమనండి, కావాలంటే ఫ్రక్టోసమైన్ అనే పరీక్ష కూడా ఉంది. వేలికి గుచ్చిన రీడింగులు ఒక పుస్తకంలో రాసి తీసుకెళ్ళండి.